కంప్యూటర్ ల్యాబ్‌కు తాళం ఎందుకు?

బస్తర్ దసరా 75 రోజుల పండుగ. ఇక్కడ రావణుణ్ణి కాల్చరు, దంతేశ్వరి పేరుతో రథం లాగుతారు. ఆ పండుగ మంచిచెడ్డల గురించి మరోసారి రాస్తాను. ఈ వ్యాసం ఆ రోజుల్లో మా జగదల్‌పూర్‌లో కంప్యూటర్లకు పెట్టే బొట్ల గురించీ, ఏడాది పొడుగునా ఆ కంప్యూటర్ల గదికి వేసి ఉంచే తాళం గురించీ. నా దృష్టిలో ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

"బొట్టు పెడితే కంప్యూటర్‌కు వచ్చిన నష్టమేమిటి? పోనివ్వండి సార్, వాళ్ళ తృప్తి వాళ్ళది" అని మిత్రులు అంటుంటారు. నిజమే. మానిటర్ అంచున చిటికెడు కుంకుమ అంటితే అది పాడైపోదు. నష్టం యంత్రానికి కాదు, దాని ముందు కూర్చోవలసిన మనిషికి. పూజలో పెట్టిన వస్తువును మనం వాడం. దూరం నుంచి దణ్ణం పెడతాం. సరస్వతీ పూజ నాడు పుస్తకాలు పీట మీద పెట్టి, ఆ రోజు చదవకూడదని పిల్లలకు చెప్పే ఇళ్ళు మనకు తెలియనివి కావు. చదువుల తల్లి పండుగ రోజునే చదువు నిషిద్ధం! ఇది ఎవరికీ వింతగా తోచదు. కంప్యూటర్‌కూ అదే గతి పట్టింది. తేడా ఏమిటంటే పుస్తకానికి ఒక్క రోజు, కంప్యూటర్‌కు మూడు వందల అరవై అయిదు రోజులు.

చెప్పులు బయట ఎందుకు?

మన దేశంలో చాలా కంప్యూటర్ ల్యాబుల ముందు "పాదరక్షలు బయట విడువుము" అనే బోర్డు ఉంటుంది. ఎందుకని అడిగితే ఒకరు "లోపల దుమ్ము పడకూడదు" అంటారు, మరొకరు "అది విద్యాలయం కదండీ" అంటారు. మొదటి జవాబు హేతువు. రెండో జవాబు ఆచారం. మొదటిది రెండోదిగా ఎలా మారిందో చూడటం మనకు పనికొస్తుంది.

పాత కాలపు పెద్ద కంప్యూటర్లలో సమాచారం దాచే డిస్కులు వంట పళ్ళేల్లా విడిగా తీసి పెట్టుకొనేవి. ఆ డిస్కు వేగంగా తిరుగుతుంటే, దాన్ని చదివే తల దానికి తగలకుండా వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. మధ్యలో ఒక దుమ్ము రేణువు వచ్చిందంటే తల డిస్కును గీరేస్తుంది, లెక్కలన్నీ పోతాయి. అందుకని ఏసీ గది, మూసిన కిటికీలు, బయట చెప్పులు. అంతా సబబే. 1973లో ఐబీఎం కంపెనీ 3340 అనే డిస్కును తెచ్చింది. దాన్నే వించెస్టర్ అనేవారు. అందులో తల, డిస్కు రెండూ కలిపి ఒకే మూసిన డబ్బాలో పెట్టారు. ఆ తర్వాత వచ్చిన చిన్న కంప్యూటర్ల హార్డ్‌డిస్కులన్నీ ఆ దారిలోనివే. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి తిరిగే డిస్కే లేదు. అంటే చెప్పులు విడిచే కారణం ఎప్పుడో పోయింది. బోర్డు మాత్రం ఉంది.

మూఢాచారాల పుట్టుక చాలాసార్లు ఇలాగే ఉంటుంది. మొదట ఒక కారణం ఉంటుంది. కారణం పోతుంది. నియమం మిగులుతుంది. కారణం లేని నియమానికి ఆధారం కావాలి గనక దానికి పవిత్రత అంటగడతారు. శుభ్రత కోసం చెప్పులు బయట పెడితే నాకు అభ్యంతరం లేదు, మా ఇంట్లోనూ బయటే పెడతాం. కానీ ఆ గదిలోకి వెళ్ళే పిల్లవాడు గుడిలోకి వెళ్తున్నట్టు వెళితే, లోపల అర్చకుడు ఉన్నాడనుకుంటాడు, తాను ముట్టుకోకూడదనుకుంటాడు. అక్కడే చదువు ఆగిపోతుంది.

రిజిస్టర్‌లో అంతా సక్రమమే

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. లెక్కలు చూసే అలవాటు ఉద్యోగంతో పోదు. ఈ సంగతి తెలిసిన ఒక యువ లెక్చరర్, వాళ్ళ కాలేజీలో సాలుసరి స్టాకు తనిఖీకి సాయం చెయ్యమని నన్ను పిలిచాడు. అది బస్తర్ ప్రాంతంలో ఒక కాలేజీ. పేరు అనవసరం. ఆ పేరు తీసేసి దేశంలో ఇంకో వంద కాలేజీల పేర్లు పెట్టినా కథ మారదు.

డెడ్‌స్టాక్ రిజిస్టర్‌లో ముప్పై కంప్యూటర్లు. గదిలో లెక్కపెడితే ముప్పై. సీరియల్ నంబర్లు సరిపోయాయి. కొనుగోలు బిల్లులు ఉన్నాయి, టెండరు ఫైలు ఉంది, చెల్లింపు వోచర్లు ఉన్నాయి. ఆడిటర్‌కు ఇంతకన్నా ఏం కావాలి? అంతా సక్రమం అని సంతకం పెట్టి రావచ్చు. నేను ఒక్కొక్కటీ ఆన్ చెయ్యమన్నాను. పంతొమ్మిది లేచాయి. మిగతావాటిలో కొన్నిటికి బ్యాటరీ పోయింది, కొన్నిటిలో తెర వెలగలేదు, రెండింటిలో ఎలుకలు వైర్లు కొరికాయి. మూసి ఉంచిన గదిలో ఎలుకలకు ఎవరి భయం?

"వారంలో ఎన్ని గంటలు తెరుస్తారు?" అని అడిగాను.

"మంగళవారం, శుక్రవారం ప్రాక్టికల్స్ ఉంటాయి సార్."

"మిగతా రోజులు?"

"తాళం వేసి ఉంటుంది సార్. పిల్లలు పాడుచేస్తారు. వైరస్‌లు ఎక్కిస్తారు. ఏదైనా పోతే నా జీతంలో కోస్తారు."

ఆ ఇన్‌ఛార్జి మీద నాకు కోపం రాలేదు. అతను చెప్పిన చివరి మాట అసలు మాట. పోయిన కంప్యూటర్‌కు జవాబు చెప్పాలి. వాడని కంప్యూటర్‌కు ఎవరూ జవాబు అడగరు. ఆడిట్ పద్ధతే అలా ఉంది. వస్తువు ఉందా లేదా అని చూస్తుంది, పనికొస్తోందా లేదా అని చూడదు. అలాంటప్పుడు తాళం వెయ్యడమే తెలివైన పని.

మరి ఆ వాడని కంప్యూటర్‌కు ఖర్చు లేదా? ఉంది. లెక్క వేద్దాం. మన కంపెనీల చట్టం 2013 ప్రకారం మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆయుష్షు మూడేళ్ళు, సర్వర్లకూ నెట్‌వర్క్ పరికరాలకూ ఆరేళ్ళు. కాలేజీకి ఆ చట్టం వర్తించకపోవచ్చు, కొలబద్దగా పనికొస్తుంది. ఒక్కోటి 45,000 రూపాయల చొప్పున ఇరవై కంప్యూటర్లు కొన్నారనుకోండి. మొత్తం తొమ్మిది లక్షలు. మూడేళ్ళకు 1,095 రోజులు. అంటే రోజుకు 822 రూపాయలు అరిగిపోతున్నాయి. తలుపు తెరిచినా అంతే, మూసినా అంతే. రోజుకు నలభై మంది విద్యార్థులు వాడితే మనిషికి ఇరవై రూపాయల పైచిలుకు పడుతుంది. ఎవరూ వాడకపోతే 822 రూపాయలూ గోడకు కొట్టినట్టే. దొంగ ఎత్తుకుపోతే పోలీసు కేసు అవుతుంది. కాలం ఎత్తుకుపోతే కేసు లేదు.

ప్రారంభోత్సవాల సంగతి మరీ అన్యాయం. సామాను వచ్చి పెట్టెల్లో ఉంటుంది. మంత్రిగారి తేదీ కుదరదు. తేదీ కుదిరితే ముహూర్తం కుదరదు, మూఢం వస్తుంది. ఈలోగా వారంటీ గడియారం నడుస్తూనే ఉంటుంది. దానికి శూన్యమాసం తెలియదు.

ఒక బీకాం అమ్మాయి

ఆ కాలేజీ గేటు బయట నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది. "మీరు తెలుగోళ్ళా తాతా?" అంది. కోంటా వైపు పిల్ల. అటు శబరి దాటితే మన తెలుగు నేల, దోర్లావాళ్ళ ఇళ్ళలో తెలుగు మామూలే. బీకాం మొదటి సంవత్సరం. నేనూ బీకామే అంటే నవ్వింది.

ఆమె గోడు ఇది. స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. కాలేజీ ల్యాబ్ మూత. నెట్ ఆఫీసుకు మాత్రమే. అందుకని బజారులో ఛాయిస్ సెంటర్‌కు వెళ్ళింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే దుకాణాలను అలాగే అంటారు. అక్కడ గుంపు. కూర్చున్న కుర్రాడు గబగబా నింపి, ముద్రించి, డబ్బు తీసుకొని పంపేశాడు. బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది. డబ్బు రాలేదు. ఎందుకు రాలేదో తెలిసేసరికి సవరణ గడువు దాటింది. ఆ ఏడాది డబ్బు ఆమెకు రాలేదు. వాళ్ళ అన్న భద్రాచలం వైపు మిరపకోతకు వెళ్ళి తెచ్చిన డబ్బుతో ఫీజు కట్టింది. "వచ్చే ఏడు కూడా రాకపోతే మానేస్తాను తాతా" అంది.

"ఫారం పంపేముందు నువ్వు తెర మీద చూసుకోలేదా అమ్మా?"

"ఆయన తెర అటువైపు ఉంది. నాకు చూపించమని అడగాలని తెలియలేదు."

ఈ రెండో వాక్యం మీద మనం ఆగాలి. తెర తనవైపు తిప్పమని అడగవచ్చని ఆమెకు తెలియలేదు. కారణం, కంప్యూటర్ ఎప్పుడూ వేరేవాళ్ళది. ల్యాబ్‌లో అది సార్‌ది, బజారులో అది కుర్రాడిది. ఒక డిగ్రీ విద్యార్థినికి తన సొంత ఖాతా నంబరు తాను సరిచూసుకునే హక్కు ఉందని తెలియకపోవడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. ఆ యంత్రాన్ని గర్భగుడిలో పెట్టిన మన పద్ధతి కూడా కారణం. మన రాజ్యాంగంలో 51ఏ అధికరణం 1976 సవరణతో వచ్చింది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుని బాధ్యత అని అందులో రాసుకున్నాం. తెర నావైపు తిప్పు అని అడగడం ఆ దృక్పథానికి ఓనమాలు.

"ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయిగా, ల్యాబ్ దేనికి?" అని కొందరంటారు. ఫోన్ ఉంది, సంతోషం. ఫోన్ మీద సినిమా చూడవచ్చు, ఫారం కూడా అతి కష్టం మీద నింపవచ్చు. కానీ బీకాం చదివే పిల్ల లెడ్జర్ రాయాలన్నా, వంద వరుసల పట్టిక కూడాలన్నా, ఇరవై పేజీల ప్రాజెక్టు టైపు చెయ్యాలన్నా ఫోన్ చాలదు. ఇంటర్వ్యూలో "కంప్యూటర్ వచ్చా?" అంటే ఫోన్ వచ్చు అని చెప్పలేం.

"పిల్లలు పాడుచేస్తారు" అనే మాటకు జవాబు 1999లోనే వచ్చింది. ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా ఒక గోడకు కన్నం చేసి మురికివాడ వైపు ఒక కంప్యూటర్ పెట్టించాడు. నేర్పేవాళ్ళు లేరు, కాపలా లేదు. పిల్లలే ఒకరి దగ్గర ఒకరు చూసి మౌస్ తిప్పడం, నెట్ చూడటం నేర్చుకున్నారు. దాని ఆధారంగా "ఇక ఉపాధ్యాయుడు అక్కర్లేదు" అన్నవాళ్ళ వాదన నేను ఒప్పుకోను. ఆ అతిశయోక్తిని చాలామంది విద్యావేత్తలు విమర్శించారు, అది న్యాయమే. కానీ చదువురాని పిల్లలే అంత నేర్చుకోగా, డిగ్రీ పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందనడం ఏ పరీక్షకూ నిలవదు.

తీగ ఊరిదాకా వచ్చింది

గది ఒక సంగతి, ఆ గదిలోకి వచ్చే తీగ ఇంకో సంగతి. మన విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ చరిత్ర చాలామంది అనుకున్నంత కొత్తది కాదు. ఎర్నెట్ అనే ప్రాజెక్టు 1986లోనే మొదలైంది. ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దాని వెనక ఉన్నాయి. మొదట చేరినవి అయిదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలోని ఆ శాఖ. మామూలు జనానికి ఇంటర్నెట్ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా 1995 ఆగస్టు 15న వచ్చింది. అంటే దేశంలో ఇంటర్నెట్ ముందు పుట్టింది కేంపస్‌లోనే.

2002లో యూజీసీ ఇన్ఫోనెట్ వచ్చింది. ఎర్నెట్ తీగల మీద విశ్వవిద్యాలయాలను కలపడం దాని పని. 2009లో సమాచార సాంకేతికత ద్వారా విద్య అనే జాతీయ మిషన్ మొదలైంది. విశ్వవిద్యాలయానికి సెకనుకు ఒక గిగాబిట్ తీగ, కాలేజీలకు ఒక్కోటి 512 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఇవ్వాలన్నది పథకం. 2010 మార్చిలో కేంద్రం 5,990 కోట్లతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది.

గిగాబిట్‌కూ కిలోబిట్‌కూ తేడా ఏమిటో లెక్కలో చూపిస్తాను. అయిదు మెగాబైట్ల పరిశోధన వ్యాసం ఒకటి దించుకోవాలి. 512 కిలోబిట్ల లైను మొత్తం ఒక్కరికే దొరికితే 78 సెకన్లు పడుతుంది. అదే లైను ఇరవై కంప్యూటర్లు ఒకేసారి పంచుకుంటే 26 నిమిషాలు. పీరియడ్ అయిపోతుంది. గిగాబిట్ లైనులో అయితే కన్ను మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. "మా దగ్గర ఇంటర్నెట్ ఉంది" అనే మాటకు ఎంత వేగం, ఎంతమందికి అని అడగకపోతే అర్థం లేదు. మందు ఉంది అంటే సరిపోదు, మోతాదు చెప్పాలి.

బస్తర్‌కు ఇవన్నీ ఆలస్యంగా వచ్చాయి. ఇక్కడి కాలేజీలు రాయపూర్‌లోని రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం కింద ఉండేవి. చిన్న పనికైనా రాయపూర్ దాకా, దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోవాలి. 2008లో జగదల్‌పూర్‌లో బస్తర్ విశ్వవిద్యాలయం పెట్టారు. తర్వాత దానికి మహేంద్ర కర్మ పేరు పెట్టారు. బస్తర్ ఇంటర్నెట్ పథకం మొదటి దశను 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లాలో ప్రధానమంత్రి ప్రారంభించారు. అడవుల్లో సెల్ టవర్లను మావోయిస్టులు తగలబెట్టిన సంఘటనలు ఈ ప్రాంతంలో ఎన్నో. అలాంటి చోటికి తీగ లాగిన కూలీలకూ, లైన్‌మేన్‌లకూ నా నమస్కారం. నేను నమస్కారం చేసేది వాళ్ళకే, తీగకు కాదు.

తీగ ఇంత కష్టపడి ఊరిదాకా వచ్చాక, చివరి వంద అడుగుల్లో తాళం అడ్డం రావడం అన్యాయం కాదా?

తిరుపతిలో పది డాలర్ల మహిమ

పైన చెప్పిన 2009 మిషన్‌ను ఫిబ్రవరి 3న ప్రారంభించింది మన తిరుపతిలోనే. ఆ రోజు "పది డాలర్ల ల్యాప్‌టాప్" చూపిస్తారని దేశమంతా, ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. అంటే అప్పటి లెక్కలో అయిదు వందల రూపాయలు. తీరా చూస్తే అది ల్యాప్‌టాప్ కాదు. సమాచారం దాచుకొనే ఒక పరికరం. తెర కూడా లేదు. చూసినవాళ్ళు తెల్లబోయారు.

తిరుపతిలో మహిమలు జరుగుతాయని నమ్మేవాళ్ళను మనం విమర్శిస్తాం. కానీ ఈ మహిమను నమ్మినవాళ్ళు పత్రికలవాళ్ళు, ఇంజనీర్లు, అధికారులు. ఒక తెర ధరే ఎంత, ఒక బ్యాటరీ ధర ఎంత అని కాగితం మీద కూడుకుంటే పది డాలర్లు అసాధ్యమని అయిదు నిమిషాల్లో తేలేది. ఎవరూ కూడలేదు. 2011 అక్టోబరు 5న ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది. ఇది నిజంగా వస్తువే. కానీ నెమ్మది, బ్యాటరీ నిలవదు, తెర సరిగా స్పందించదు అని ఫిర్యాదులు. చవకగా ఇవ్వాలనే కోరిక మంచిదే. కోరిక మంచిదైనంత మాత్రాన లెక్క సరిపోదు. బాబా చేతిలోంచి విభూతి రాలితే చెయ్యి తెరిచి చూపించమంటాం. మంత్రి చేతిలోంచి ల్యాప్‌టాప్ రాలినా అదే అడగాలి.

తాళం రెండు రకాలు

గది తాళం కాక ఇంకో తాళం ఉంది. పరిశోధన వ్యాసాలకు ప్రచురణ సంస్థలు వేసే తాళం. ఒక్క వ్యాసం చదవాలంటే రెండు మూడు వేల రూపాయలు అడిగే పత్రికలు ఉన్నాయి. విశ్వవిద్యాలయం చందా కడితే మాత్రం, కేంపస్ నెట్‌వర్క్ నుంచి వచ్చిన అభ్యర్థనను గుర్తుపట్టి తలుపు తెరుస్తారు. కేంపస్ నెట్‌వర్క్ అసలు విలువ ఇక్కడ ఉంది. అది సినిమాలు చూసే తీగ కాదు, గ్రంథాలయం తాళంచెవి.

అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు 2010 చివర్లో ఎంఐటీ కేంపస్ నెట్‌వర్క్‌లోకి ల్యాప్‌టాప్ తగిలించి, జేస్టోర్ అనే భండారం నుంచి లక్షల వ్యాసాలు దించాడు. ల్యాప్‌టాప్‌ను తీగలుండే చిన్న గదిలో దాచాడు. 2011 జనవరిలో పట్టుకున్నారు. జేస్టోర్ అతనితో రాజీపడింది, ప్రభుత్వం మాత్రం కేసు వదల్లేదు. విచారణకు ముందే 2013 జనవరి 11న ఇరవై ఆరేళ్ళ వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. అతను చేసిన పద్ధతిని సమర్థించడం, సమర్థించకపోవడం వేరే చర్చ. జ్ఞానం తాళం వెనక ఉండటం వల్ల ఒక మేధావి ప్రాణం మీదికి వచ్చిందన్నది నిజం.

మన దేశం ఈ విషయంలో ఒక మంచి పని చేసింది, చెప్పుకోవాలి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 మూడేళ్ళకు 6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300 పైచిలుకు ప్రభుత్వ సంస్థలు. నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కాలేజీలు కూడా ఇందులోకి వస్తాయి. లబ్ధిదారులు సుమారు 1.8 కోట్ల మంది అన్నారు. అంటే ఏడాదికి మనిషికి 1,111 రూపాయలు. ఆ 1,111 రూపాయలు కోంటా అమ్మాయి పేరున కూడా ఖర్చు రాస్తున్నారు. ల్యాబ్ తాళం తియ్యకపోతే ఆమెకు అందేది సున్నా. పెద్ద తాళం తీశాక చిన్న తాళం మిగిలింది.

పిడుగుకు నిమ్మకాయ

బస్తర్‌లో వానలు ఎక్కువ, పిడుగులు ఎక్కువ. పిడుగు పడితే నెట్‌వర్క్ స్విచ్‌లు, మోడెంలు కాలిపోతాయి. ఒక చోట సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుండటం చూశాను. పక్కనే ఎర్తింగ్ గొయ్యి ఎండి, నెర్రెలిచ్చి ఉంది. దిష్టికి ఏర్పాటు చేశారు, పిడుగుకు చెయ్యలేదు.

చెయ్యవలసింది పెద్ద విద్య కాదు. ఎర్తింగ్ గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీళ్ళు పోసి తేమ ఆరకుండా చూడాలి. ఏడాదికొకసారి మీటరు పెట్టి కొలిపించాలి. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రాగి తీగ లాగకుండా ఆప్టికల్ ఫైబర్ లాగాలి. గాజులో కరెంటు పారదు గనక ఒక భవనం మీద పడిన పిడుగు తీగ వెంట రెండో భవనంలోకి రాదు. యూపీఎస్ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూడాలి. నిమ్మకాయకు నెలనెలా ఖర్చు పెట్టే మనసును ఇటు తిప్పితే చాలు. నిమ్మకాయ పనిచేస్తుందనే మిత్రులకు నాది ఒకటే మాట. రెండు భవనాలు తీసుకోండి. ఒకదానికి నిమ్మకాయ, రెండోదానికి ఎర్తింగ్. మూడు వానాకాలాలు చూద్దాం.

యంత్రం కాదు, వాడకం

సాంకేతికత ఖరీదైనదైతేనే పనిచేస్తుందనే భ్రమ కూడా ఒకటి ఉంది. దానికి జవాబు మా ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకు చేసి, తమ ఊరి సంగతి తమ మాటలో చెప్పవచ్చు. గోండీలో చెప్పినా సరే. సంపాదకులు సరిచూశాక, ఎవరైనా అదే నంబరుకు చేసి వినవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు, చదువు రాకపోయినా ఫరవాలేదు. చేతిపంపు పాడైంది, కూలి డబ్బు రాలేదు అని చెప్పుకోవడానికి ఒక దారి దొరికింది. ఖాళీ గదిలో ముప్పై కంప్యూటర్లు చెయ్యని పని, ఒక ఫోన్ నంబరు చేసింది. కారణం అది తెరిచి ఉంది.

భాష సంగతీ అంతే. గోండీకి రెండు లిపులు యూనికోడ్‌లోకి వచ్చాయి. మసరాం గోండీ 2017లో, గుంజాల గోండీ 2018లో. గుంజాల అన్నది ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. అక్కడి చేతిరాత ప్రతుల్లో ఉన్న లిపి ఇప్పుడు ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా రాయవచ్చు. ఫాంట్ వెయ్యడానికి పది నిమిషాలు పడుతుంది. గోండీ పిల్లవాడు తన పేరు తన లిపిలో తెర మీద చూసుకుంటే, ఆ యంత్రం పరాయిది కాదని వాడికి ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

అడగవలసిన ప్రశ్నలు

మన సంఘం మిత్రులు ఊరూరా మంత్రగాళ్ళ గుట్టు విప్పే కార్యక్రమాలు చేస్తున్నారు. చెయ్యాలి. దానితోపాటు మీ ఊరి కాలేజీకి వెళ్ళి ఈ కింది ప్రశ్నలు కూడా అడగండి.

1. ప్రాక్టికల్స్ కాకుండా ల్యాబ్ వారానికి ఎన్ని గంటలు విద్యార్థులకు తెరిచి ఉంటోంది?

2. రిజిస్టర్‌లో కంప్యూటర్లు ఎన్ని? ఈ రోజు ఆన్ చేస్తే లేచేవి ఎన్ని?

3. నెట్ కనెక్షన్ వేగం ఎంత? నెలకు బిల్లు ఎంత? ఆఫీసు కాక ఇంకెవరు వాడుతున్నారు?

4. వాడకం లాగ్‌బుక్ ఉందా? పోయిన నెలలో ఎంతమంది సంతకం చేశారు?

5. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో మీ సంస్థ నమోదైందా? ఎంతమంది విద్యార్థులకు లాగిన్ ఇచ్చారు?

6. ఎర్తింగ్ చివరిసారి ఎప్పుడు కొలిచారు? యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడు మార్చారు?

మాటతో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. ప్రభుత్వ కాలేజీ అయితే దరఖాస్తుకు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. ఇన్‌ఛార్జిని నిందించేలా అడగకండి. "వాడినందువల్ల పాడైతే నీ జీతంలో కోయం" అని పైవాళ్ళు రాతపూర్వకంగా ఇస్తే, చాలా తాళాలు ఆ రోజే తెరుచుకుంటాయని నా నమ్మకం. నమ్మకం అన్నాను గనక దాన్నీ పరీక్షించాలి. ఒక్క కాలేజీలో ఒక్క సెమిస్టర్ చేసి చూడండి. ఎన్ని పాడయ్యాయో, ఎంతమంది వాడారో పక్కపక్కన రాయండి. లెక్క నేను వేసిపెడతాను.

ఆ బీకాం అమ్మాయికి ఖాతా నంబరు సరిచేసే దరఖాస్తు రాసి ఇచ్చాను. కొత్త ఏడాది ఫారం తానే నింపుతానంది. ఎక్కడ నింపుతుందన్నదే ఇంకా తేలలేదు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి రోజూ సాయంత్రం రెండు గంటలు ల్యాబ్ తెరవమని, కావాలంటే కాపలాకు నేనే వచ్చి కూర్చుంటానని ఉత్తరం ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. జవాబు కోసం చూస్తున్నాను.